ఇమ్యునోథెరపీలో ట్రోపోనిన్ 0.011 నుంచి 38కి వెళ్లింది. ఎవరైనా చెప్పగలరా?

కొల్లేటి కొంగ · సోమవారం రాత్రి 8:50

నాన్నగారికి 64 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ. కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు 200 మిల్లీగ్రాములు మూడు వారాలకొకసారి ఎక్కిస్తున్నారు. మొదటి డోసు పడి 27 రోజులు, రెండోది పడి ఆరు రోజులు. చికిత్స మొదలుపెట్టే ముందు హైదరాబాదు ఆసుపత్రిలో గుండె పరీక్షలు చేశారు. అప్పుడు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్ అట) 0.011.

మూడు రోజులుగా నీరసం. మేడ మెట్లు ఎక్కితే మధ్యలో ఆగుతున్నారు. కీమో వల్లే అనుకున్నాం. అయినా మనసు ఒప్పక ఈ రోజు ఏలూరులో మా వీధి చివర ల్యాబులో ట్రోపోనిన్ చేయించాను. 38 వచ్చింది. లెక్క కడితే దాదాపు మూడున్నర వేల రెట్లు! రిపోర్టు ఇచ్చిన అబ్బాయి 'కొంచెం ఎక్కువండీ, అంతే' అన్నాడు. మా క్యాన్సర్ డాక్టర్ గారి ఫోను కలవడం లేదు. ఇది గుండెపోటా? ఇంకేమైనానా?

రక్తపు చుక్క · రాత్రి 9:04

తమ్ముడూ, ముందు కాలుక్యులేటర్ పక్కన పెట్టండి. పంతొమ్మిదేళ్లుగా ల్యాబులోనే ఉన్నాను, ఈ లెక్క వేసి కళ్లనీళ్లు పెట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను. రెండు రిపోర్టులలో అంకె పక్కన చిన్న అక్షరాలతో కొలమానం ఉంటుంది. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాములు, రెండోది లీటరుకు నానోగ్రాములు అయి ఉండాలి. అలాగైతే 0.011ని వెయ్యితో గుణించాలి, 11 అవుతుంది. అంటే మీరు చూస్తున్నది 11, 38.

రెండో సంగతి. పరీక్ష పేరు చివర టి అని ఉందా, ఐ అని ఉందా? రెండు కాగితాలూ చూసి చెప్పండి.

కొల్లేటి కొంగ · రాత్రి 9:11

కొలమానం మీరు చెప్పినట్టే ఉంది. కాస్త ఊపిరి తీసుకున్నాను. హైదరాబాదుది 'ట్రోపోనిన్ టి'. ఇక్కడిది 'హై సెన్సిటివ్ ట్రోపోనిన్ ఐ'. రెండూ ఒకటి కావా?

రక్తపు చుక్క · రాత్రి 9:19

కావు. రెండూ గుండె కండరంలోని ప్రొటీన్లే, పక్కపక్కనే ఉంటాయి, కానీ వేర్వేరు. వాటి అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. సోలతో కొలిచిన బియ్యాన్ని తక్కెడలో తూచిన బియ్యంతో పోల్చినట్టు అవుతుంది. హై సెన్సిటివ్ 'టి'కి సాధారణంగా వాడే పై హద్దు 14. 'ఐ'కి యంత్రాన్ని బట్టి హద్దు మారుతుంది. చాలా చోట్ల వాడే ఒక పద్ధతిలో మగవారికి 34, ఆడవారికి 16. ఆ లెక్కన మీ నాన్నగారి 38 హద్దును కాస్త దాటింది. ల్యాబు అబ్బాయి మాట తప్పు కాదు. కానీ ఆయన ఒంట్లోకి ఏ మందు వెళుతోందో ఆ అబ్బాయికి తెలియదు కదా.

గుండె చప్పుడు · రాత్రి 9:32

కార్డియాలజీలో పని చేస్తున్నాను. రక్తపు చుక్క గారు చెప్పినది నిజమే, కానీ దాన్ని విని నిశ్చింతగా పడుకోకండి. అంకె చిన్నదే కావచ్చు. పెంబ్రోలిజుమాబ్ మొదలైన నాలుగో వారంలో కొత్తగా ఆయాసం వచ్చి, ట్రోపోనిన్ హద్దు దాటిందంటే, ఆ మందు వల్ల గుండె కండరం వాచిందేమో అని ముందు చూడాలి. దీనినే మయోకార్డైటిస్ అంటారు. వచ్చేది చాలా తక్కువ మందికి, నూటికి ఒకరు లేదా అంతకన్నా తక్కువ. కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. 2018లో 35 మంది రోగులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, మందు మొదలైనప్పటి నుంచి వాపు బయటపడటానికి పట్టిన మధ్యస్థ సమయం 34 రోజులు. నూటికి 81 మందిలో తొలి మూడు నెలల్లోనే వచ్చింది. మీరిప్పుడు 27వ రోజున ఉన్నారు.

ఈసీజీ ఈ రాత్రే తీయించండి. పాత ఈసీజీ కాగితం దగ్గర ఉంటే తీసుకువెళ్లండి, అది చాలా ముఖ్యం.

లెస్టర్ లక్ష్మి · రాత్రి 9:40

ఇంగ్లండులో క్యాన్సర్ వార్డులో నర్సుని. డాక్టర్ గారి మాటకు ఒక ప్రశ్న కలుపుతాను. నాన్నగారి కనురెప్పలు ఎలా ఉన్నాయి? ఒకటి వాలిపోతోందా? ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందా? మింగేటప్పుడు ఇబ్బంది, మెడ నిలబెట్టలేకపోవడం, తొడలు నొప్పులు? ఇవి గుండెకు సంబంధం లేనివిగా కనిపిస్తాయి, అందుకే ఇంట్లో ఎవరూ చెప్పరు.

కొల్లేటి కొంగ · రాత్రి 9:58

అక్కా, చెయ్యి వణుకుతోంది. అమ్మను అడిగాను. నాలుగు రోజులుగా ఎడమ కన్ను సాయంత్రానికి సగం మూతపడుతోందట. నిద్ర చాలక అనుకుందట. నిన్న పేపరు చదువుతూ 'అక్షరాలు రెండు వరుసలుగా కనిపిస్తున్నాయి, అద్దాలు మార్చాలి' అన్నారట నాన్న. నాకు ఎవరూ చెప్పలేదు.

గుండె చప్పుడు · రాత్రి 10:01

ఇప్పుడే బయలుదేరండి. ఐసీయూ, గుండె డాక్టరు ఇద్దరూ ఉన్న పెద్ద ఆసుపత్రికి. అక్కడ మొదటి మాటగా 'ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నారు, రెండో డోసు అయింది' అని చెప్పండి. కీమో అని మాత్రమే చెప్పవద్దు. అడగవలసినవి: ఈసీజీ, మళ్లీ ట్రోపోనిన్ (వీలైతే టి, ఐ రెండూ), సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది). ఊపిరి బలం కూడా చూడమనండి. ఈ మందుల వల్ల గుండె, ఒంటి కండరాలు, నరాలు కండరాలను కలిసే చోటు, ఈ మూడూ ఒకేసారి దెబ్బతినవచ్చు. అప్పుడు ఊపిరి పీల్చే కండరం కూడా అలసిపోతుంది.

రక్తపు చుక్క · రాత్రి 10:03

వెళ్తూ ఒక్క మాట. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలేవైనా వాడుతున్నారా? ఉంటే ఆ పట్టీ జేబులో వేసుకుని ల్యాబు వాళ్లకు చూపించండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ట్రోపోనిన్ పరీక్షలలో అంకెను అసలు కన్నా తక్కువ చేసి చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీని గురించి హెచ్చరిక ఇచ్చింది. కొత్త రసాయనాలలో ఈ బెడద బాగా తగ్గింది, అయినా చెప్పడం మంచిది.

ఎదురుప్రశ్న · రాత్రి 10:30

ఆయన క్షేమంగా చేరాలని కోరుకుంటూనే అడుగుతున్నాను. ఇంత ప్రమాదం ఉన్న మందు ఇచ్చేటప్పుడు ప్రతి డోసుకూ ముందు ట్రోపోనిన్ చేయరేం? ఒక్కో డోసుకు లక్షలు పోస్తున్నాం, పరీక్ష ఖర్చు అందులో ఏపాటి? వీధి చివరి ల్యాబులో కొడుకు అనుమానంతో చేయిస్తే బయటపడాలా?

పాత మాస్టారు · రాత్రి 11:15

నాయనా, ఆ ప్రశ్నకు రెండో వైపు నేనున్నాను. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కిడ్నీలో గడ్డ వచ్చి ఒక కిడ్నీ తీసేశారు. తరువాత ఊపిరితిత్తులకు పాకితే మీ నాన్నగారి మందు లాంటిదే, నివోలుమాబ్ మొదలుపెట్టారు. ముందు ట్రోపోనిన్ చూడలేదు. మూడో డోసు అయ్యాక ఎవరో జాగ్రత్తపరుడైన డాక్టరు చేయించారు. ట్రోపోనిన్ టి 22. 'హద్దు 14, మీది 22, గుండె వాచింది' అని మందు ఆపేశారు. ఆరు వారాలు! ఈసీజీ మంచిది, ఎకో మంచిది, ఎంఆర్ఐ మంచిది, సీపీకే మంచిది. ట్రోపోనిన్ మాత్రం 21, 23, 22. కదలదు, మెదలదు. చివరికి ఒక పెద్దాయన కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అడిగారు. 1.9. 'మాస్టారూ, మీకున్నది ఒక్క కిడ్నీ, అదీ సగం పని చేస్తోంది. మీకు 22 అనేది ఎప్పటి నుంచో ఉన్న అంకె అయి ఉంటుంది' అన్నారు. కిడ్నీ సరిగా పని చేయని వారిలో ట్రోపోనిన్ టి ఇలా ఎప్పుడూ కాస్త ఎత్తులోనే ఉంటుందట. మొదటి డోసుకు ముందు ఒక్క గొట్టం రక్తం తీసి ఉంటే ఆ ఆరు వారాలు నాకు మిగిలేవి. ఆ ఆరు వారాలూ నా గడ్డ ఏమి చేస్తోందో అని నేను పడిన పాట్లు ఏ యంత్రం కొలుస్తుంది?

అయినా మందు పని చేసే తీరే అలాంటిది. ఊరి కాపలా కుక్కకు గొలుసు విప్పితే దొంగనూ కరుస్తుంది, పాలు పోయడానికి వచ్చిన మనిషినీ కరుస్తుంది. మన ఒంటిని కాపలా కాసే టి కణాలకు (ట్రోపోనిన్ టికి వీటికి సంబంధం లేదు) పీడీ-1, సీటీఎల్ఏ-4 అనే గొలుసులు ప్రకృతి వేసింది. వాటిని విప్పితే క్యాన్సర్ మీద పడతాయని చూపించినందుకే 2018లో ఆలిసన్, హొంజో గార్లకు నోబెల్ వచ్చింది. ఆ కణాలు గుండె మీదికి ఎందుకు పోతాయన్నదానికి 2022లో ఒక జవాబు దొరికింది. గుండె కండరంలోని ఆల్ఫా మయోసిన్ అనే ప్రొటీన్‌ను అవి శత్రువుగా పొరబడుతున్నాయని ఎలుకల్లో తేలింది. దానిని గుర్తుపట్టే టి కణాలు రోగులలోనూ కనిపించాయి. అవి కండరాన్ని కొరికినప్పుడు ట్రోపోనిన్ రక్తంలోకి కారుతుంది. మనం కొలిచేది ఆ కారినదాన్నే.

(రిటైరయ్యాక కూడా పాఠం మానలేకపోతున్నాను, క్షమించండి. కొంగ బాబు నుంచి కబురు లేదేం?)

ఎదురుప్రశ్న · రాత్రి 11:34

మాస్టారూ, మీ సంగతి విన్నాక నా ప్రశ్న కొంచెం మెత్తబడింది. కానీ పోలేదు.

గుండె చప్పుడు · మంగళవారం ఉదయం 6:20

పోనవసరం లేదు, వైద్యులలోనే ఏకాభిప్రాయం లేని విషయం ఇది. యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2022 మార్గదర్శకాలు ఒక సంగతి గట్టిగా చెప్పాయి: మొదటి డోసుకు ముందు అందరికీ ఈసీజీ, ట్రోపోనిన్, బీఎన్‌పీ లేదా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. తరువాత 2, 3, 4 డోసులకు ముందు ఈసీజీ, ట్రోపోనిన్ చూడవచ్చు, అన్నీ బాగుంటే ఆపైన ప్రతి మూడు డోసులకొకసారి చాలు అన్నది దానికంటే మెత్తని సలహా. లక్షణాలు లేని వారిలో పదే పదే చేయడం వల్ల ప్రాణాలు నిలిచాయని గట్టి రుజువు లేదు. జబ్బు అరుదు. ట్రోపోనిన్ పెరగడానికి వేరే కారణాలు బోలెడు. వెయ్యి మందికి చేస్తే దొరికే నిజమైన కేసుల కన్నా మాస్టారు లాంటి వారే ఎక్కువ తేలతారు.

ఇక బీఎన్‌పీ గురించి తరచూ అడుగుతారు. అది గుండె మీద బరువు పడిందని చెబుతుంది, వాచిందని కాదు. వయసుతో పెరుగుతుంది, కిడ్నీతో పెరుగుతుంది. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా పెరిగే సీఆర్‌పీ అయితే క్యాన్సర్ రోగిలో ఎందుకు పెరిగిందో చెప్పడమే కష్టం. దాన్ని పట్టుకుని గుండె గురించి తీర్పు చెప్పేవారిని నమ్మకండి.

కొల్లేటి కొంగ · మంగళవారం మధ్యాహ్నం 2:15

అందరికీ దండాలు. విజయవాడలో చేర్చాం. తెల్లవారుజామున వచ్చిన ఫలితాలు: ట్రోపోనిన్ టి 96, ట్రోపోనిన్ ఐ 57, సీపీకే 1,940 (హద్దు సుమారు 200). ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, 'బాగుంది' అన్నారు. అది విని మా బాబాయి ఇంటికి తీసుకుపోదామన్నారు. కానీ ఈసీజీలో ఏదో పీఆర్ దూరం అట, పాత కాగితంలో 164 ఉంటే ఇప్పుడు 228 ఉంది. ఆ పాత కాగితం చూడగానే డ్యూటీ డాక్టరమ్మ ముఖం మారిపోయింది. వెంటనే ఐసీయూకి మార్చి, మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఒక గ్రాము మొదలుపెట్టారు.

బయోటిన్ పట్టీ దొరికింది. 10 మిల్లీగ్రాములు, రెండు వారాలుగా వేసుకుంటున్నారు. పక్కింటావిడ చెప్పిందని అమ్మ కొనిపెట్టింది. ల్యాబులో చెప్పాను, 'మా యంత్రానికి ఇబ్బంది లేదు, అయినా రాసుకుంటాం' అన్నారు.

నా సందేహం: 'ఐ' కొంచెమే పెరిగింది, 'టి' బాగా పెరిగింది. ఏది నమ్మాలి?

గుండె చప్పుడు · మధ్యాహ్నం 3:40

ఇంటికి తీసుకుపోకపోవడం మంచిదైంది. నేను పైన చెప్పిన 35 మందిలో సగం మందికి పంపింగ్ మామూలుగానే ఉంది. ఎకో బాగుందని మయోకార్డైటిస్ కాదనుకోకూడదు. పీఆర్ పెరగడమంటే పైగది నుంచి కింది గదికి కరెంటు ఆలస్యంగా వెళుతోందని అర్థం. అది ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోవచ్చు, అందుకే ఐసీయూ.

టి, ఐ తగాదా పాతదే. వాచిన ఒంటి కండరాల నుంచి కూడా ట్రోపోనిన్ టి వస్తుంది. కనుక సీపీకే 1,940 ఉన్న మనిషిలో 'టి' ఎంత గుండెది, ఎంత తొడలది అని విడదీయలేం. 'ఐ' గుండెకే ఎక్కువ కట్టుబడి ఉంటుంది. దీన్ని బట్టి 'ఐ' ఒక్కటే చాలు అనేవారు ఉన్నారు. కానీ 2023లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన పరిశీలనలో, ఎవరి పరిస్థితి విషమిస్తుందో 'ఐ' కన్నా 'టి' మెరుగ్గా పసిగట్టింది. తొలి 72 గంటల్లో 'టి' తన హద్దుకు 32 రెట్లు దాటిన వారు ఎక్కువ ప్రమాదంలో పడ్డారు. ఊపిరి కండరం దెబ్బతిన్నా మనిషికి ముప్పే కదా. నా మటుకు నేను నిర్ధారణకు 'ఐ', ఈసీజీ కలిపి చూస్తాను, ముప్పు ఎంతో తెలియడానికి 'టి' చూస్తాను. నా తోటి వాళ్లు దీనితో ఏకీభవించరు.

కొల్లేటి కొంగ · బుధవారం రాత్రి 9:05

ఈ రోజు 'టి' 340, 'ఐ' 212. స్టెరాయిడ్ ఇస్తుండగా పెరిగాయి. 340ని 14తో భాగించాను. 24 వచ్చింది. 32 కాదు. ఇలా భాగహారాలు చేసుకుంటూ ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్నాను. ఎంఆర్ఐ ఎందుకు తీయరని అడిగితే 'శనివారం చూద్దాం' అంటున్నారు. తాత్సారం చేస్తున్నారేమో అనిపిస్తోంది.

లెస్టర్ లక్ష్మి · రాత్రి 9:30

తాత్సారం కాదు తమ్ముడూ. 2020లో ఇలాంటి 103 మంది ఎంఆర్ఐలు చూశారు. చేరిన తొలి నాలుగు రోజుల్లో తీసిన వారిలో ఐదుగురిలో ఒకరికే గుండె కండరంలో మచ్చ కనిపించింది. ఆ తరువాత తీసిన వారిలో పదిమందిలో ఏడుగురికి కనిపించింది. తొందరపడి తీసి 'ఏమీ లేదు' అని రాయించుకుంటే స్టెరాయిడ్ ఆపమనే వాళ్లు తయారవుతారు. ఒక్కరోజు పెరిగిందని మందు పని చేయడం లేదనుకోకండి, రేపటి అంకె చూడండి. మీరు తిన్నారా?

కొల్లేటి కొంగ · రాత్రి 9:34

ఇడ్లీ తిన్నానక్కా. స్టెరాయిడ్‌కు లొంగకపోతే?

గుండె చప్పుడు · రాత్రి 10:10

లొంగకపోతే ఇంకా దారులున్నాయి. రెచ్చిపోయిన టి కణాలను అణిచే అబాటాసెప్ట్, మైకోఫెనొలేట్ లాంటి మందులు. పారిస్ వైద్యులు అబాటాసెప్ట్‌కు రుక్సోలిటినిబ్ జోడించి మరణాలను బాగా తగ్గించగలిగామని 2023లో రాశారు. ఇప్పటికైతే పెంబ్రోలిజుమాబ్ ఆగింది, స్టెరాయిడ్ వేళకు పడింది. కాకపోతే ఆ మందు ఒంట్లో సగం కావడానికే మూడు వారాల పైన పడుతుంది. అందువల్ల ఆపగానే సర్దుకుంటుందని ఆశించవద్దు.

కొల్లేటి కొంగ · శనివారం సాయంత్రం 5:20

'టి' 260, 'ఐ' 90. పీఆర్ 190కి దిగింది. ఎంఆర్ఐలో గుండె పక్క గోడలో వాపు, చిన్న మచ్చ కనిపించాయి. మయోకార్డైటిస్ అని ఖాయం చేశారు. ఎడమ కన్ను పూర్తిగా తెరిచి 'నువ్వేమిటిరా ఇంత నల్లబడ్డావు' అన్నారు నాన్న.

పాత మాస్టారు · సాయంత్రం 5:41

శుభం బాబూ. కన్ను తెరిచి నిన్నే తిట్టారంటే చూపు ఒకటిగా కనిపిస్తున్నట్టే.

ఎదురుప్రశ్న · సాయంత్రం 6:02

సంతోషం. నాదొక సందేహం మిగిలింది. ముంబయి టాటా మెమోరియల్ వారు తల, మెడ క్యాన్సర్లకు నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములే ఇచ్చి మంచి ఫలితం చూపించారు కదా. ఒక ఏడాదికి బతికి ఉన్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారని చదివాను. మోతాదు తగ్గితే గుండెకు ముప్పూ తగ్గుతుందా?

గుండె చప్పుడు · సాయంత్రం 6:50

అది ఖరీదు భరించలేని రోగుల కోసం చేసిన గొప్ప పని, 2023లో వచ్చింది. కానీ దాన్ని గుండెకు రక్షణగా చదవకండి. ఆ గొలుసు కొద్దిపాటి మందుకే విడిపోతుంది, అందుకే 20 మిల్లీగ్రాములు పని చేసింది. ముప్పును బాగా పెంచేది రెండు గొలుసులూ ఒకేసారి విప్పడం. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన తొలి లెక్క చూడండి: నివోలుమాబ్ ఒక్కటే అయితే 0.06 శాతం, దానికి సీటీఎల్ఏ-4 గొలుసు విప్పే ఇపిలిముమాబ్ కలిపితే 0.27 శాతం. ఇప్పుడు వెతికి చూస్తున్నాం కనుక అంతకన్నా ఎక్కువే దొరుకుతున్నాయి.

కొల్లేటి కొంగ · రెండు వారాల తరువాత, ఆదివారం ఉదయం 10:30

ఇంటికి వచ్చి వారమైంది. 'ఐ' 29, 'టి' 88, సీపీకే 240. 'టి' నెమ్మదిగా దిగుతుందన్నారు. పెంబ్రోలిజుమాబ్ ఇక జన్మలో ఇవ్వరు. కీమో ఒక్కటే వచ్చే నెల నుంచి. స్టెరాయిడ్ మాత్రలు వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తున్నారు. ప్రతిసారి తగ్గించే ముందు అదే ల్యాబులో, అదే పరీక్ష. షుగరు 280కి వెళ్లింది, దానికి ఇన్సులిన్.

రక్తపు చుక్క గారు చెప్పిన పద్ధతిలో ఒక నోటుపుస్తకం పెట్టాం. తేదీ, ల్యాబు, టి, ఐ, కొలమానం, సీపీకే, క్రియాటినిన్, కనురెప్ప. చివరి గడి అమ్మ కలిపింది. సాయంత్రం ఆరింటికి చూసి 'పూర్తి', 'సగం' అని తనే రాస్తుంది. పేజీ ఫొటో పెట్టాను, ఇంకేమైనా చేర్చాలా?

రక్తపు చుక్క · ఉదయం 10:52

చక్కగా ఉంది. మూడో వరుసలో కొలమానం గడి ఖాళీగా ఉంది.

కొల్లేటి కొంగ · ఉదయం 10:58

అది నేను ఐసీయూ బయట కూర్చుని రాసిన వరుస. ఇప్పుడే నింపాను.